చివరి గదిలో రెండో మంచం

ఆ గది సంగతి హాస్టల్లో తెలియని వాళ్ళు లేరు. మూడో అంతస్తు, వరండా చిట్టచివర, ట్యాంకు మెట్ల పక్కన. గదిలో మంచాలు రెండు. రెండో మంచం మీద ఎవరూ పడుకోరు. అంటే… పగలు పడుకోరు. రాత్రిళ్ళు ఎవరో పడుకుంటారు.

విన్నది విన్నట్టు చెబుతున్నాను, ఉప్పూకారం నేను కలపలేదు. ఎప్పుడో ఒక బయటి రాష్ట్రం పిల్ల ఆ గదిలో ఉండేదట. స్కాలర్‌షిప్పు మీద వచ్చిందట. ఆ స్కాలర్‌షిప్పు పోయిన రోజు భుజాన తువ్వాలు వేసుకుని, బకెట్టు పట్టుకుని స్నానానికని వెళ్ళి — మళ్ళీ కనబడలేదట. బకెట్టు కూడా కనబడలేదట! అప్పట్నుంచి అందరూ పడుకున్నాక వరండాలో అడుగులు. తలుపు కిర్రుమంటుంది. మంచం కిర్రుమంటుంది. అంతే… మళ్ళీ ఏమీ ఉండదు.

అందుకని ఆ అంతస్తు అమ్మాయిలకి ఒక అలవాటు. రాత్రి భోజనాలయ్యాక మెస్సులోంచి ఒక ప్లేటు తెచ్చి, మూతపెట్టి, ఆ గుమ్మం పక్కన పెడతారు. వంతులేసుకుని మరీ. తెల్లారేసరికి ప్లేటు ఖాళీ. ఖాళీయే కాదు, శుభ్రంగా కడిగి బోర్లించి ఉంటుంది.

ఇంత పద్ధతైన దెయ్యాన్ని నేనెక్కడా వినలేదు. మా ఇంట్లో మనుషులకే ఆ అలవాటు లేదు.

సరే. ఆ గదిలోకి వచ్చి పడింది ఒక పిల్ల. హాస్టల్లో అడుగుపెట్టిన రోజే ‘మెరిట్’ అని పేరు పెట్టేశారు, కన్నవాళ్ళు పెట్టిన పేరు మూలన పడింది. వాళ్ళ నాన్న మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేస్తాడు. ఆ యూనివర్సిటీలో బయటి రాష్ట్రం పిల్లలకి ఫీజు వింటేనే కళ్ళు తిరుగుతాయి. మెరిట్ స్కాలర్‌షిప్పు వస్తే ఆ ఎక్కువంతా మాఫీ. మన పిల్లకి వచ్చింది. రెండో విడతలో, ఆలస్యంగా, అయినా వచ్చింది. వాళ్ళ నాన్న ఆ రోజు కొట్టుకొచ్చిన ప్రతి మనిషికీ చెప్పాడు. గ్రైండరు తీసుకోడానికొచ్చిన ఒకావిడకైతే రెండుసార్లు చెప్పాడు.

కానీ దానికి రెండు షరతులున్నాయి. మార్కులు గీత దాటి కిందికి జారకూడదు. ఫస్టియరంతా యూనివర్సిటీ హాస్టల్లోనే ఉండాలి. బయట గది తీసుకున్నా, హాస్టల్ వాళ్ళు బయటికి పంపించినా స్కాలర్‌షిప్పు పోయినట్టే.

ఆలస్యంగా వచ్చిందేమో, గదులన్నీ నిండిపోయాయి.

“ఇదొక్కటే మిగిలింది” అంది వార్డెన్ మేడమ్, తాళంచెవి బల్ల మీద పెట్టి. “పోయినేడంతా మూసే ఉంచాం. ఈసారి పరిమితికి మించి చేర్చుకున్నారు, నేనేం చెయ్యను?”

“మూసి ఎందుకుంచారు మేడమ్?”

“బూజు” అంది మేడమ్, ముఖం అటు తిప్పుకుని. “దులిపించాంలే.”

పిల్ల ట్రంకుపెట్టె ఈడ్చుకుంటూ వరండా చివరికి వెళ్తుంటే గదుల్లో మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఫైనలియర్ అమ్మాయి ఒకతె, పొడుగక్క అంటారు, పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది.

“ఒసేయ్, ఈ గదిలో ఉండకే. చెబితే విను. బయట ఎక్కడైనా చూసుకో.”

“బయట ఉంటే స్కాలర్‌షిప్పు పోతుందక్కా.”

పొడుగక్క ముఖంలో రంగు మారింది. భయం కాదది… చేతకానితనం. కాసేపు ఆ పిల్లనే చూసి, గొంతు తగ్గించింది.

“అయితే ఒక్క మాట. రాత్రి గోడవైపు తిరిగి పడుకో. ఏం వినిపించినా… ఇటు తిరగకు.”

ఆ గది తలుపుకి లోపల గడియ లేదు. గడియ ఉండాల్సిన చోట మేకుల కన్నాలు మాత్రం ఉన్నాయి.

మొదటి రాత్రి. లైట్లన్నీ ఆరిపోయాయి. పిల్ల గోడకి ముక్కు ఆనించి, దుప్పటి తలదాకా లాక్కుని, కిక్కురుమనకుండా పడుకుంది. చెమట్లు. అయినా దుప్పటి తియ్యలేదు.

వరండాలో అడుగులు… మెల్లగా… చెప్పులు లేని అడుగులు.

తలుపు కిర్రుమంది.

పక్క మంచం కిర్రుమంది.

పిల్ల ఊపిరి బిగబట్టింది. గుండె చప్పుడు పక్క మంచానికి వినబడుతుందేమోనని అదొక భయం! చాలాసేపటికి గుసగుస మొదలైంది. ఆడగొంతు. గాలికి కొట్టుకుపోయేంత సన్నగా —

“తిన్నాను… బాగానే ఉన్నాను… చదువుకుంటున్నాను…”

ఎవరితో అంటోంది? గదిలో ఇంకెవరున్నారు? పిల్లకి కంటిమీద కునుకు రాలేదు. తెల్లవారుజామున మళ్ళీ మంచం కిర్రుమంది, తలుపు కిర్రుమంది. బాగా వెలుగొచ్చాక గాని ఇటు తిరగలేదు. మంచం ఖాళీ. ధైర్యం చేసి పరుపు మీద చెయ్యి పెట్టింది.

వెచ్చగా ఉంది.

ఇక రోజూ ఇదే. “తిన్నాను… బాగానే ఉన్నాను… చదువుకుంటున్నాను…” రాత్రి నిద్ర లేదు, పగలు క్లాసులో తల నిలవదు. మొదటి పరీక్షల్లో మార్కులు గీత మీదికి వచ్చి ఆగాయి. ఇంకొక్కసారి ఇలాగే రాస్తే అంతే సంగతులు.

నాన్నకి ఫోన్ చేసింది. “నాన్నా, నేనిక్కడ ఉండలేను. వచ్చేస్తా.”

అటువైపు మిక్సీ ఏదో తిరుగుతోంది. ఆపాడు.

“వచ్చేయ్ అమ్మలూ. నేనేమీ అనను. కానీ… ఆ స్కాలర్‌షిప్పు పోతే మళ్ళీ అంత చదువు చెప్పించడం నా వల్ల కాదురా. అదొక్కటే నా బాధ.”

తిట్టినా బాగుండేది. ఆ పిల్ల ఫోను పెట్టేసి బాత్రూములో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో వెక్కి వెక్కి ఏడ్చింది. గదిలో ఉంటే దెయ్యం, గది వదిలితే చదువు లేదు. ఏం చేస్తుంది పాపం?

తర్వాతి పరీక్ష ముందు రాత్రి ఒకే లెక్క పదిసార్లు చేసింది. పదిసార్లూ తప్పే. నోట్సు మంచం కింద పడేసి, గోడవైపు తిరిగి, శబ్దం రాకుండా ఏడుస్తోంది. అడుగులొచ్చాయి. తలుపు… మంచం… అన్నీ మామూలే. కానీ ఆ రాత్రి గుసగుస మామూలుది కాదు.

“ఏడవకు… నాలుగో వరసలో గుర్తు మార్చడం మర్చిపోయావు.”

ప్రాణం పైకే పోయిందనుకుంది. కానీ నవ్వకండి, పరీక్ష భయం దెయ్యం భయం కంటే పెద్దది. నాలుగో వరసా? గిరుక్కున ఇటు తిరిగింది!

పక్క మంచం మీద ఒకమ్మాయి కూర్చుని ఉంది. భుజాన తువ్వాలు. ఒక చేతిలో నోట్సు, ఇంకో చేతిలో సెల్‌ఫోను వెలుగు. కళ్ళ కింద నలుపు, కాళ్ళకి దుమ్ము. దెయ్యాల కాళ్ళకి దుమ్మెందుకుంటుంది?

“అరవకు” అంది ఆ అమ్మాయి, రెండు చేతులూ జోడించి. “నీకు పుణ్యముంటుంది. అరవకు.”

కథ ఏమీ లేదు. ఆ గదిలో ఉన్న పిల్ల తనే. ‘ఎప్పుడో’ కాదు, గది మూసిన ఏడాదికి ముందు ఏడాదే. స్కాలర్‌షిప్పు అర మార్కుతో పోయింది. ఫీజు కట్టలేక పేరు కొట్టేశారు. ఇంట్లో చెప్పలేదు. వాళ్ళ నాన్న ఒక పెద్ద భవనానికి నైట్ వాచ్‌మన్. చెప్పడానికి నోరు రాలేదట. పగలు బట్టల షాపులో చీరలు మడతపెడుతుంది. షాపు సెలవు రోజున పెద్ద క్లాసులో వెనక బెంచీలో కూర్చుంటుంది. మళ్ళీ పరీక్ష రాసి మళ్ళీ సీటు తెచ్చుకోవాలని ఆశ. పడుకోడానికి చోటు లేదు. పొడుగక్క బుర్రలో పుట్టింది దెయ్యం. గది ఎవరూ అడగకుండా కథ పుట్టించారు, మారు తాళంచెవి చేయించారు, గడియ ఊడదీశారు, ప్లేటు వంతులు పెట్టుకున్నారు. సీనియర్లందరికీ తెలుసు. తెలియంది ఫస్టియర్లకీ, మేడమ్‌కీ.

“మరి రోజూ ఆ గుసగుస?”

“నాన్నకి ఫోన్. ఆయన డ్యూటీలో ఉంటాడుగా, అప్పుడే చేస్తా. ‘హాస్టల్లో నా మంచం మీద ఉన్నాను నాన్నా’ అంటా. మిగతాదంతా అబద్ధమైనా ఆ ఒక్క ముక్క నిజం ఉండాలి కదా. అందుకే ఇక్కడికి వస్తా.”

మెరిట్‌కి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. ఆ రాత్రి నాలుగో వరస సరిచేసుకుంది. ఆ రోజు నుంచి ‘పక్కమంచం అక్క’ దగ్గర రోజూ పాఠమే. తను చదవలేని చదువు దీనికి చెప్పేది. మార్కులు గీత దాటి పైకి లేచాయి. ఈ పిల్ల హాయిగా నిద్రపోయింది, అలవాటుకొద్దీ గోడవైపే తిరిగి.

ఇక్కడితో ఆగితే ఎంత బాగుండేది! ఆగలేదు.

ఏ అంతస్తులోనో బయటివాళ్ళెవరో దొరికారని హాస్టలంతా గోలైంది. మేడమ్ అందర్నీ మెస్సులో నిలబెట్టింది. “రాత్రిళ్ళు తనిఖీ చేస్తాం. ఎవరి గదిలో బయటి మనిషి దొరికితే వాళ్ళు అదే గంటలో హాస్టల్ ఖాళీ చెయ్యాలి. ఏడ్చినా వినను.” ఆ సాయంత్రమే వడ్రంగి వచ్చి, గడియలు లేని తలుపులకి కొత్త గడియలు కొట్టి వెళ్ళాడు.

హాస్టల్ పోతే స్కాలర్‌షిప్పు పోతుంది. స్కాలర్‌షిప్పు పోతే…

పిల్ల పొడుగక్క దగ్గరికి పరిగెత్తింది. “అక్కా, ఏం చెయ్యను?”

పొడుగక్క నేల చూసింది. “నన్నడగకే. నాకేం తెలీదు.”

ఆ రాత్రి మెరిట్ గడియ దగ్గర చాలాసేపు నిలబడింది. వేసింది. తీసింది. మళ్ళీ వేసింది. వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది.

అడుగులు వచ్చాయి… తలుపు దగ్గర ఆగాయి. చిన్న తోపు. తలుపు కదల్లేదు. ఇంకొక్క తోపు, ఇంకా మెల్లగా.

“మెరిట్… నేనే.”

పిల్ల దుప్పటి నోట్లో కుక్కుకుంది.

“వేసుకున్నావా?… సరేలే. మంచిపనే చేశావు. పడుకో.”

అడుగులు వెళ్ళిపోయాయి. లేచి తియ్యాలని లేదా? ఉంది. కాళ్ళు రాలేదు. తెల్లారి చూస్తే ప్లేటు పెట్టింది పెట్టినట్టే ఉంది, మూత కూడా తియ్యలేదు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. మెల్లగా ప్లేటు పెట్టడం మానేశారు.

“షాపులో కూడా మానేసిందట” అంది పొడుగక్క ఒకరోజు. “ఫోను మోగట్లేదు. ఎక్కడుందో… ఉందో లేదో…” అని, ఆ మాటకి తనే ఉలిక్కిపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పిల్లని ఒక్క మాట అనలేదు. అని ఉంటే కాస్త తేలికయ్యేది.

ఫస్టియర్ అయిపోవచ్చింది. ఆఖరి పరీక్షలు బాగా రాసింది. స్కాలర్‌షిప్పుకి ఇక ఢోకా లేదు. అన్నం మాత్రం సహించేది కాదు.

సెలవులకి ఖాళీ చేసే రోజు ముందు రాత్రి పిల్లకి జ్వరం కాసింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరున్నారు, సగం హాస్టల్ అప్పటికే వెళ్ళిపోయింది. గడియ వేసుకుని, గోడవైపు తిరిగి పడుకుంది. ఆ మైకంలో ఏవో గుసగుసలు విన్నట్టే అనిపించింది. జ్వరంలో ఏవేవో అనిపిస్తాయి, పట్టించుకోలేదు.

పొద్దున్నే తలుపు చప్పుడైంది. ఖాళీ చేసే రోజున మాత్రం సామాన్లు మోయడానికి తండ్రుల్ని పైకి రానిస్తారు. నాన్నే అనుకుని లేచి గడియ తీసింది.

నాన్న కాదు. నెరిసిన జుట్టు, వాచ్‌మన్ చొక్కా, చేతిలో చిన్న సంచి. మెట్లెక్కిన ఆయాసం.

“నువ్వేనా అమ్మా మెరిట్?” అన్నాడు నవ్వుతూ. “మా అమ్మాయిని తీసుకెళ్దామని డ్యూటీ వేరేవాడికి అప్పజెప్పి రాత్రి బస్సెక్కి వచ్చేశా. చెప్పకుండా వచ్చాను, కంగారుపడుతుందేమో! ఏదీ, స్నానానికెళ్ళిందా?”

పిల్ల పక్కకి జరిగి దారిచ్చింది.

“మీతో… మాట్లాడి… ఎన్నాళ్ళైంది బాబాయ్?”

“ఎన్నాళ్ళేమిటమ్మా! ఒక్క రాత్రి తప్పదు. నిన్న రాత్రి కూడా చేసింది. తిన్నాను, బాగానే ఉన్నాను, నా మంచం మీదే ఉన్నాను నాన్నా అంది.” సంచిలో వెతికి మాత్రల అట్ట తీశాడు. “ఇదుగో. నీకు జ్వరమొచ్చిందనీ, నిద్రలో ‘నాన్నా, నాన్నా’ అని ఒకటే కలవరిస్తున్నావనీ, ఎవరితోనైనా మాత్రలు పంపమనీ చెప్పింది. నువ్వంటే దానికి ప్రాణం.”

మాత్రలు చేతిలో పెట్టాడు. పిల్ల గడియ వైపు చూసింది. ఇప్పుడే, తన చేత్తోనే తీసిన గడియ. రాత్రంతా వేసే ఉంది.

చెప్పాలి. అంతా చెప్పాలి. నోరు తెరిచింది. ఆయన అప్పటికే లోపలికి వచ్చేశాడు.

“కూర్చుంటానమ్మా, వచ్చేదాకా” అని ఆయన రెండో మంచం మీద కూర్చున్నాడు. మంచం కిర్రుమంది. పరుపు మీద ప్రేమగా చెయ్యి వేసి నిమిరాడు.

“ఇప్పుడే లేచినట్టుంది” అన్నాడు. “ఇంకా వెచ్చగానే ఉంది.”