చివరి సున్నాకు గడప

1999 ఆగస్టు 14, శనివారం. ఉదయం 8.40కి హైటెక్ సిటీలోని ఎగ్జిబిషన్ హాల్లో శివశంకర్ స్టాల్ ముందు కట్టిన పరదా తీశారు. వెనక ప్లైవుడ్‌తో చేసిన 2000 అంకె ఉంది. చివరి సున్నా గుమ్మం.

ఎదురుగా రంగనాథ్ స్టాల్. అక్కడా 2000 అంకె. అక్కడా చివరి సున్నాయే గుమ్మం.

రంగనాథ్‌ది కర్నూలు. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లలో తేదీలు తప్పకుండా చూసే వైటూకే సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టాడు. శివశంకర్‌దీ అదే వ్యాపారం.

"నా డిజైన్ అమ్ముకునింది ఈ పిల్లే" అన్నాడు.

రంగనాథ్ స్టాల్ డిజైన్ చేసింది భార్గవి. ఉద్యోగం మానేసి సొంతంగా చేసిన మొదటి పని. రంగనాథ్ పోలీస్ కంప్లయింట్ రాసి పెట్టుకున్నాడు. అందులో ఆమె పేరొక్కటే ఉంది. అది స్టేషన్‌కు చేరితే ఆమెకు మరో స్టాల్ ఎవరూ ఇవ్వరు.

హాల్ సెక్యూరిటీ చూసేది రాజరాజేశ్వరి. రిటైరైన సబ్ ఇన్‌స్పెక్టర్.

"పదింటికి ప్రారంభం. అంతదాకా ఆ కాగితం జేబులో పెట్టుకోండి సార్" అంది.

భార్గవిని పక్కకు పిలిచింది.

"డిజైన్ ఎవరికిచ్చావు?"

"రంగనాథ్ గారికే మేడం. కానీ నేను గీసింది ఇది కాదు. నా గుమ్మం నడిమి సున్నా. వాస్తు అని చివరి సున్నాకు మార్చారట. నిన్న ఇక్కడికొచ్చాకే చూశాను."

రాజరాజేశ్వరి శివశంకర్ స్టాల్‌కు వెళ్లింది. గుమ్మంలో కాలు తట్టుకుని తూలింది. ఆగి కిందికి చూసింది.

శివశంకర్ కుర్చీ జరిపాడు. "పైలం మేడం!"

"వాస్తు చూపించారా?"

"నాకు గా పట్టింపుల్లేవు. మా పొలంల నైరుతి మూల మీదికెళ్లే పెద్ద రోడ్డొచ్చింది. మాకేం ఖరాబైంది?"

"మరి గుమ్మానికి గడప ఎందుకు?"

"డిజైన్ల ఉండె, పెట్టిండ్రు."

"డిజైన్ ఎవరిచ్చారు?"

"మా ఆఫీసోళ్లు గీసిండ్రు. ఏంది మేడం, సున్నా ఆయన జాగీరా?"

ఆమె తిరిగొచ్చి రంగనాథ్ గుమ్మం చూసింది. నేల చదునుగా ఉంది. దాన్ని కట్టిన బాలానగర్ వడ్రంగి నర్సింహ మేకులు ఏరుతున్నాడు.

"గడప పెట్టలేదేం?"

"గడపనా? నాకెవ్వరు చెప్పలే మేడం. మేనేజర్ సార్ నోటితోని చెప్పిండు, నడిమిది మూసి చివరిది తెరువుమని. మార్చిన కాగితం అడిగితే ఇయ్యలే."

9.35కి రాజరాజేశ్వరి అందరినీ రంగనాథ్ స్టాల్లో కూర్చోబెట్టింది. రంగనాథ్ మేనేజర్ కామేశ్వరరావు నిలబడే ఉన్నాడు.

"రంగనాథ్ గారూ, మీరు గడప పెట్టమన్నారా?"

"అన్నా. ఈశాన్యంలో గుమ్మం, దానికి గడప. వాస్తు ఆయన చెప్పినట్టు కాగితం మీద నేనే గీసిస్తిని. గడప ఉంటే టీవీ ట్రాలీ పోదని మా మేనేజరు తర్వాత చెప్పె. సరే, వద్దంటిని."

"కాగితం ఎవరికిచ్చారు?"

"ఈయనకే."

"భార్గవి డిజైన్‌లో గడప లేదు. నర్సింహకు గడప సంగతే తెలియదు. గడప ఉన్నది ఆ కాగితం మీదే. మీ స్టాల్ తూర్పు ముఖం, చివరి సున్నా ఈశాన్యం. ఎదుటిది పడమర ముఖం. అక్కడ అదే సున్నా నైరుతి. వాస్తు నమ్మేవాడు అక్కడ గుమ్మం పెట్టడు. నమ్మనివాడు గడప పెట్టడు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు శివశంకర్ గారి స్టాల్లో దింపారు. కామేశ్వరరావు గారూ, ఆ కాగితం ఏది?"

"ఇంట్లో ఉందండి."

"జీపు ఉంది. వెళ్లి తెద్దామా?"

కామేశ్వరరావు శివశంకర్ వైపు చూశాడు.

శివశంకర్ లేచాడు. "ఇగ నన్ను పరేషాన్ చెయ్యకు సాబ్. నువ్వే చెప్పు."

"శివశంకర్ గారు జనరల్ మేనేజర్ పోస్టు ఇస్తానన్నారండి" అన్నాడు కామేశ్వరరావు. "ఒక్క కాగితమే కదా అనుకున్నానండి."

"ఈ పిల్లను నేను జైలుకు పంపుతాంటే చూస్తా నిలబడినావే!" అన్నాడు రంగనాథ్.

జేబులోంచి కంప్లయింట్ తీశాడు. భార్గవిని పెన్ను అడిగి తీసుకున్నాడు. ఆమె పేరు కొట్టేశాడు. దానిపైన కామేశ్వరరావు పేరు రాశాడు.