నలుసుల సీసా

చిట్టి మాయమైంది.

శనివారం ఉదయం మ్యూజియం నుంచి ఫోన్ వచ్చినప్పుడు, తప్పిపోయింది చిన్నపిల్లేమో అనుకుంది ఎస్సై. లాబ్‌కి వచ్చాక తెలిసింది, చిట్టి చనిపోయి కోట్ల సంవత్సరాలైందని.

"ఎలకా మేడమ్?" కానిస్టేబుల్ గొణిగాడు. "ఎలక కోసం మనల్ని పిలిచారా?"

డైరెక్టర్‌కి వినపడనే వినపడింది. "ఎలక కాదయ్యా! డైనోసార్ల కాలంలో చెట్ల మీద బతికిన జంతువు. పాలిచ్చే జాతి. బొటనవేలంత ఉంటుంది. అరచెయ్యంత రాతి పలకలో దాని అస్థిపంజరం ఉంది. సోమవారం దాన్ని చూడ్డానికి నిపుణులొస్తున్నారు. వాళ్ళకి నా మొహం చూపించనా?"

లాబ్ చిన్న గది. కిటికీ పక్కన బల్ల. బల్ల మీద మైక్రోస్కోప్, దాని కింద ఇసుక పళ్ళెం. ఇసుకలో పలక ఒత్తిన గుంట అలాగే ఉంది. గోడ పొడవునా అలమారా. కింది అరల్లో ప్లాస్టర్ కట్టు చుట్టిన రాతి మూటలు, విరిగిన చేతులకి కట్టినట్టు. పై అరలో చిన్న గాజు సీసాల వరస.

తలుపు పగలలేదు. తాళాలు ఇద్దరి దగ్గరే ఉన్నాయి. ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు.

తండ్రిని అందరూ సూది మాస్టారంటారు. మైక్రోస్కోప్‌లో చూస్తూ, ఎముక చుట్టూ ఉన్న రాయిని సూదిమొనతో నలుసు నలుసుగా ఒలవడం ఆయన పని. కొన్నేళ్ళుగా ఒలుస్తున్నది చిట్టినే. ఈ నెలాఖరుకి రిటైర్మెంట్. కూతురు అదే లాబ్‌లో పరిశోధకురాలు. చిట్టి చెట్టెక్కే జీవి అని నిరూపించడం ఆమె పని.

"చెట్టెక్కేదని దేన్నిబట్టి చెప్తారు?" ఎస్సై అడిగింది.

కూతురు ఇసుక పళ్ళెం వైపు చూసింది. తండ్రే అందుకున్నాడు.

"మడమ ఎముకనిబట్టమ్మా. ఆవగింజంత. పాదం వెనక్కి తిరిగేట్టుంటే ఉడతలాగా తలకిందులుగా చెట్టు దిగుతుంది. రెండో పాదం ఎప్పుడో రాయితోపాటే పోయింది. ఉన్నది ఇదొక్కటే. రాయిలోంచి దీని కొన కనిపించిన రోజు మా అమ్మాయి చిన్నపిల్లలా గంతులేసింది. నిన్న కూడా దాని పక్కనే ఒలిచాను. ఇంక కాస్తే ఉంది."

కుడిచెయ్యి ఏప్రన్ జేబులోంచి తీయకుండానే చెప్పాడు.

ఎస్సై కూతురి వైపు తిరిగింది. "నిన్న తాళం వేసిందెవరు?"

"నేనే."

"ఎన్నింటికి?"

"ఆరున్నరకి."

"మీ నాన్నగారు?"

"అయిదింటికే వెళ్ళిపోయారు. కళ్ళు లాగుతున్నాయన్నారు."

"ఆ తర్వాత మీరేం చేశారు?"

"ప్రెజెంటేషన్ చూసుకున్నా."

"వెళ్ళేటప్పుడు పలక ఉందా?"

"ఉంది." ఆ మాట మరీ త్వరగా వచ్చింది.

వాచ్‌మన్‌ని పిలిచారు. "గేటు దగ్గర ప్రతి సంచీ విప్పుతానమ్మా," అన్నాడతను. "డైరెక్టర్ గారి క్యారియర్ కూడా వదలను."

"వదలడు. మళ్ళీ మూత మాత్రం పెట్టడు," అన్నాడు డైరెక్టర్.

అయితే పలక గేటు దాటలేదు.

ఎస్సై అలమారా దగ్గరికి నడిచింది. పై అర నిండా సన్నటి రాతి పొడి. సీసాల వరస చివర మాత్రం ఒకచోట పొడి లేదు. గుండ్రంగా, సీసా అడుగంత శుభ్రం. ఇంట్లో అరలు తుడుచుకునే మనిషికి అలాంటివి ఇట్టే కనబడతాయి.

"ఈ సీసాల్లో ఏముంది?"

"చెత్త," అన్నాడు డైరెక్టర్.

"చెత్తేంటండీ!" దూరంగా కూర్చున్న మాస్టారు నొచ్చుకున్నాడు. "రోజూ పనయ్యాక నలుసులన్నీ బ్రష్‌తో ఊడ్చి సీసాలో పోస్తాను. ఏ నలుసులో ఏ ఎముక ముక్కుందో ఎవరికి తెలుసు? ఒక్కటి కూడా పారెయ్యకూడదని మా అమ్మాయికి మొదటిరోజే చెప్పాను."

ఎస్సై వంగి ప్లాస్టర్ మూటల మీద చెయ్యి వేస్తూ పోయింది. అన్నీ పొడిగా, గరుకుగా ఉన్నాయి. మూలనున్న మూట మీద చెయ్యి ఆగింది. చల్లగా తగిలింది.

"ఇది తడి ఆరలేదు. నిన్న కట్టిందే."

డైరెక్టర్ మొహం ఎర్రబడింది. కూతురి మీదికి వచ్చాడు. "తాళం వేసింది నువ్వేగా! ఎవరికి అమ్ముదామని?"

"దాన్నేమీ అనకండి. నేనే దాచాను." మాస్టారు లేచి నిలబడ్డాడు. "రిటైరయ్యాక అమ్ముకుందామని."

"నాన్నా, ఊరుకో!"

"నువ్వూరుకో."

ఎస్సైకి నవ్వొచ్చింది. ఇంత చేతకాని అబద్ధం ఈమధ్య వినలేదు. దాన్ని ఒక్క ప్రశ్నతో తేల్చేయాలనిపించింది. అక్కడే తప్పు చేసింది.

"పలక అమ్ముకోడానికి, సరే. మరి నలుసుల సీసా ఎందుకు తీశారు మాస్టారూ? దాన్నెవరు కొంటారు?"

"ఏ సీసా?"

"చివరిది. దొంగకి పలక చాలు. నలుసులు కూడా దాచారంటే, వాటిలో ఏం పడిందో తెలిసినవాళ్ళే..."

మాట మధ్యలో కూతురి మొహం కనిపించింది. వద్దని ఆ కళ్ళు బతిమాలుతున్నాయి. ఎస్సై ఆగిపోయింది. అప్పటికే ఆలస్యమైంది.

మాస్టారు అలమారా దాకా నడిచాడు. పొడి లేని గుండ్రాన్ని ఎడమచేతి వేలితో తడిమాడు. తర్వాత తల దించి కుడి జేబు వైపు చూసుకున్నాడు.

"మడమేనా తల్లీ?"

ఆమె తలూపింది.

"మొత్తమా?"

"పిండైపోయింది నాన్నా. నలుసుల్లో వెతికితే మూడు ముక్కలు దొరికాయి. అతకవు." కూతురు తండ్రి వైపు తిరిగింది. "సోమవారం వాళ్ళంతా నీ ముందే చూస్తారు. నీ ముందే అంటారు. పోయిందంటే దొంగని తిట్టుకుంటావు. విరిగిందంటే నీ చేతుల్ని తిట్టుకుంటావు. నువ్వు రిటైరయ్యాక దొరికిందని చెబుదామనుకున్నా."

"మరి నీ పని? అది చెట్టెక్కేదని..."

"ఇంకెక్కడన్నా ఇంకోటి దొరుకుతుందిలే."

దొరకదని ఇద్దరికీ తెలుసు.

డైరెక్టర్ కుర్చీలో కూలబడ్డాడు. "కేసు రాయమంటారా మేడమ్?" కానిస్టేబుల్ మెల్లగా అడిగాడు.

"ఏమని రాస్తావు? వస్తువు గది దాటలేదు."

కట్టు కోసింది కూతురే. లోపల దూది. దూదిలో పలక, పక్కనే సీసా. బొటనవేలంత చిట్టి పక్కకి తిరిగి పడుకుని ఉంది. ఉన్న ఒక్క పాదం దగ్గర చిన్న గుంట.

మాస్టారు మైక్రోస్కోప్ ముందు కూర్చోలేదు. కుర్చీ లాగి కూతురికి చూపించాడు.

"కూర్చో. ఆ మూడు ముక్కలన్నా తీసి చూపించు. సీసా నేను పట్టుకుంటా."

కుడిచెయ్యి జేబులోంచి బయటికి తీశాడు. సీసా అందుకున్నాడు.

ఆ చేతిలో ఉన్నంతసేపూ సీసాలో నలుసులు గలగలమంటూనే ఉన్నాయి.