ఫియట్ అసలు రూపం

ఆదివారం పొద్దున్న ఎనిమిదైనా ఆదిబాబు ఇంకా షెడ్డులోంచి బయటికి రాలేదు. మెత్తటి గుడ్డతో ఫియట్ కారు బానెట్టుని తుడిచినచోటే తుడుస్తున్నాడు. వంటింట్లో శ్రీదేవి ఉప్మా దించి రెండుసార్లు పిలిచింది. మూడోసారి తనే గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఆ కారుకి పట్టిన గుడ్డ ఏనాడైనా ఫ్యాను రెక్కకి పట్టేరేటండీ? ఉప్మా సల్లారిపోతంది."

"వత్తన్నా. ఐదు నిమిషాలు."

"ఐదు నిమిషాలని అరగంటైంది," అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

ఆదిబాబుకి జార్ఖండ్‌లోని పర్సుడీహ్‌లో స్పేర్ పార్టుల దుకాణం ఉంది. ముప్ఫై ఏళ్ళుగా బండి సామాను అమ్మి అమ్మి, లోకంలో ఉన్నవన్నీ అతనికి రెండే రకాలుగా కనిపిస్తాయి. ఒకటి కదిలే సరుకు, రెండోది కదలని సరుకు. చుట్టరికమైనా, స్నేహమైనా, కోరికైనా ఈ రెండింటిలో ఏదో ఒక అరలోకి చేరాల్సిందే. కదలని సరుకు మీద మమకారం పెంచుకున్న వ్యాపారి బాగుపడడని తోటి దుకాణాలవాళ్ళకి ధీమాగా చెబుతాడు. అంత లెక్క తెలిసిన మనిషీ ఈ ఫియట్ దగ్గరికి వచ్చేసరికి లెక్క మరిచిపోతాడు.

కారు డెబ్బై రెండులో తయారైంది, ఆదిబాబు పుట్టిందీ ఆ ఏడాదే. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడి ఉక్కు కంపెనీలో ఫిట్టరుగా చేరిన తండ్రి పోలయ్య, కద్మాలో ఒక ఇంజినీరు గుద్దేసి వదిలేసిన దీన్ని తుక్కు కింద తెచ్చుకుని, రెండేళ్ళు సెలవు రోజుల్లో కూర్చుని నిలబెట్టాడు. ఆయన పోయి తొమ్మిదేళ్ళైంది. కాగితాలు ఇప్పుడు తల్లి సింహాచలమ్మ పేరు మీద ఉన్నాయి.

ఆ కాగితాలకి వచ్చే నెలతో గడువు తీరుతుంది. ముందు రెండు దారులున్నాయి. మామూలుగా రెన్యువల్ చేయించి, కావలసిన మార్పులు చేసుకుని తిప్పుకోవచ్చు. లేదా యాభై ఏళ్ళు దాటింది కాబట్టి వింటేజ్ బండిగా నమోదు చేయించుకోవచ్చు. దానికి బండి పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలి. రాంచీలోని పాత కార్ల క్లబ్బు పెద్దమనిషి ఒకాయన వచ్చి చూసి, "కొంచెం కష్టపడితే జార్ఖండ్‌లో ఇలాంటిది ఇంకోటి ఉండదు" అని వెళ్ళిన దగ్గర్నుంచి ఆదిబాబుకి నిద్ర పట్టడం లేదు. కలకత్తా పాత బజార్లు గాలించి హెడ్‌లైటు రింగులు తెచ్చాడు. తలుపు పిడులు తెచ్చాడు. తండ్రి చేతుల మీదుగా పెట్టిన అతుకుల్ని ఒక్కొక్కటే తీయించి, వాటి చోట అసలు సామాను వేయించాడు. బుధవారం సాయంత్రం సూర్యం వర్క్‌షాపు నుంచి బండి తిరిగొచ్చింది.

ఇక తల్లి సంతకం ఒక్కటే మిగిలింది. నాలుగు రోజులుగా అది మాత్రం కావడం లేదు. గురువారం కళ్ళు మసగ్గా ఉన్నాయంది. శుక్రవారం వేలు నొప్పెడుతోందంది. నిన్న అడిగితే, "రేపు సేత్తానులేరా, బండి ఎక్కడికి పోద్ది," అంది. భర్త జ్ఞాపకాలతో మనసు బరువెక్కి ఉంటుందని ఆదిబాబు లెక్క వేసుకున్నాడు. అలాంటి బేరాన్ని తొందరపెట్టకూడదని అతనికి తెలుసు. కానీ రాంచీ నుంచి రోజూ ఫోను వస్తోంది.

చేతులు కడుక్కుని వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. సింహాచలమ్మ ఉప్మాలో మిరపకాయలు ఏరి పక్కన పెడుతోంది. ఎదురుగా కూతురు హాసిని ఫోను చూసుకుంటూ తింటోంది. ఇరవై ఆరేళ్ళ పిల్ల, ఆదిత్యపూర్‌లో ఒక ఫ్యాక్టరీలో ఇంజినీరు, ఎండైనా వానైనా స్కూటీ మీదే వెళ్ళొస్తుంది. ఆదిబాబు జేబులోంచి కాగితం తీసి, తడి తగలకుండా తల్లి ముందు పరిచాడు.

"అమ్మా, ఇక్కడ. పెన్ను ఇదిగో."

"నానమ్మా, సైన్ మత్ కరో, వద్దు," అంది హాసిని ఫోను మీంచి కళ్ళెత్తకుండానే.

"నిన్నెవరడిగేరు?" అన్నాడు ఆదిబాబు.

"ఎవరూ అడగలేదు పాపా. అదే కదా ప్రాబ్లెమ్." ఫోను బోర్లించి తండ్రి వైపు చూసింది. "ఇది సైన్ చేస్తే ఇక రోజూ రోడ్డెక్కడానికి లేదు. రూల్ హై. ఏడాదికోసారి రాంచీ తీసుకెళ్ళి, పెళ్ళికూతురిలా రిబ్బన్ కట్టి నిలబెడతారు. గాడీ హై యా దుల్హన్?"

సింహాచలమ్మ పెదవి చివర నవ్వు కదిలి ఆగింది.

"నువ్వు రోజూ సెప్తన్నట్టు సేత్తే బాగుంటాదేటి? కొత్త బ్రేకులు, కొత్త సీట్లు, స్టీరింగు దగ్గరున్న గేరు తీసి కిందన. ఇంక మీ తాత బండిలో మిగిలీదేటి, తలుపులా?" అన్నాడు ఆదిబాబు.

"తలుపుల సంగతి మర్చిపోయాను. మీరే గుర్తు చేశారు. అవి కూడా మారుద్దాం."

"ఎకసెక్కాలా?"

"పాపా, ఆ పాత బ్రేకులతో నన్ను సాక్చీ బజారు దాకా పంపుతారా? పంపరు. అందుకే ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నా చేతికివ్వలేదు. సీటు బెల్టు పెట్టండి, ముందు చక్రాలకి మంచి బ్రేకులు పెట్టండి, నేను రోజూ డ్యూటీకి తీసుకెళ్తాను. చల్‌నే వాలీ చీజ్ హై, చల్‌నే దీజియే. నడిచేదాన్ని నడవనివ్వండి."

శ్రీదేవి టీ గ్లాసులు తెచ్చి పెడుతూ ఆగింది. "అది సెప్పిందాంట్లో తప్పేటుంది? కదలని సరుకు ఉంచొద్దని ఊరందరికీ సెప్తారు. ఇంట్లో కదిలీదాన్ని మాత్రం కదలకుండా కట్టేత్తన్నారు."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. భార్య తన తూనికరాళ్ళతోనే తనని తూచింది. ఆదిబాబు గ్లాసు పక్కకి జరిపాడు. గొంతు పెంచలేదు, కానీ ఒక్కొక్క మాటా నొక్కి పలికాడు.

"మీకది బండి. నాకు కాదు. తొమ్మిదో ఏట విషజ్వరం వచ్చి కళ్ళు తేలేసినాను. కద్మా క్వార్టర్లో ఉన్నాం అప్పుడు. కుండపోత వాన. నన్ను వెనక సీట్లో పడుకోబెట్టి, హారను మీద సెయ్యి తియ్యకుండా మా నాన్న ఆసుపత్రికి తీసుకెళ్ళినాడు. నాకు ఇంకేటీ గుర్తులేదు గానీ, ముందు సీట్లో ఆ కంపెనీ రెయిన్‌కోటు, టోపీ మీంచి కారతన్న నీళ్ళూ ఇప్పటికీ కనబడతాయి. ఆ సీట్లో, ఆ గేరుతో, ఆ బండిలోనే నేను బతికినాను. దాన్ని ముక్కలు ముక్కలుగా మార్చేత్తానంటే ఎలా ఒప్పుకోమంటారు?"

ఈ కథ ఇంట్లో అందరికీ తెలుసు. దుకాణానికి వచ్చేవాళ్ళలో సగంమందికి తెలుసు. హాసిని తల వంచుకుంది.

సింహాచలమ్మ కంచం పక్కకి నెట్టి, కొంగుతో వేళ్ళు తుడుచుకుంది.

"మీ నాన్న కాదురా," అంది.

"ఏటమ్మా?"

"ఆ దినం మీ నాన్న పొద్దుటి షిఫ్టులో ఉన్నాడు. పదకొండు గంటలప్పుడు నీకు ఫిట్సొచ్చినాయి. క్వార్టర్ల లైన్లో మగోళ్ళెవరూ నేరు, అందరూ డ్యూటీలే. రిక్షా దొరకనేదు. మేకుకి మీ నాన్న పాత రెయిన్‌కోటుంటే తొడుక్కున్నాను. తోలింది నేను."

ఆదిబాబు నవ్వబోయాడు. తల్లి ముఖం చూసేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

"నీకు తోలడం వచ్చా?"

"మీ నాన్నే నేర్పినాడు. నైట్ షిఫ్టు దిగొచ్చి, నువ్వు బడికెళ్ళాక, నది ఒడ్డు రోడ్డు మీద. మూడు నెలలు. నా కాళ్ళు అందీవి కావు. మూడు ఇనప దిమ్మలు కోసుకొచ్చి, క్లచ్చుకీ, బ్రేకుకీ, రేసుకీ అతికించీసినాడు."

ఆదిబాబు చేతిలో పెన్ను అలాగే ఉండిపోయింది. ఆ దిమ్మలు అతనికి తెలుసు. రబ్బరు అరిగిపోతే తండ్రి చేసుకున్న మోటు రిపేరు అనుకున్నాడు. వర్క్‌షాపులో తనే వేలు పెట్టి చూపించి, ఈ చెత్త ముందు తీసెయ్యండని చెప్పాడు. కలకత్తా నుంచి తెచ్చిన అసలు పెడల్స్ వేయించి, కాళ్ళకి రెండున్నర అంగుళాల చోటు కలిసొచ్చిందని వచ్చేదారంతా మురిసిపోయాడు.

"ఇన్నేళ్ళు ఎందుకు సెప్పనేదమ్మా?"

"లైసెన్సు నేదు కద. ఆసుపత్రి గేటు కాడ సూసినోళ్ళు ఊరికి కబురు మోసీసినారు. మీ నానమ్మ అసిరమ్మ వచ్చి నెల్లాళ్ళుంది. మొగోడి కోటు తొడుక్కుని బండి తోలిన కోడలని పదిమందిలో అంది. అక్కడితో ఆపీసినాను. తరవాత నువ్వు మీ నాన్న తీసుకెళ్ళినాడని సంబరంగా సెప్పుకోడం మొదలెట్టినావు. ఆయన సెప్పబోతే నేనే వొద్దన్నాను. పిల్లోడికి తండ్రి మీద అంత గురి ఉంటే సెడగొట్టడమెందుకని."

"నానమ్మా," అంది హాసిని. కుర్చీ ఆమె పక్కకి జరుపుకుంది.

"దిమ్మలు తీసెయ్యి, నీ మోకాళ్ళు స్టీరింగుకి తగల్తన్నాయి అంటే మీ నాన్న వినీవోడు కాదు. ఉండనీ, ఎప్పుడైనా తోల్తావు అనీవోడు. పోయీదాకా అలాగే తోలినాడు." ఆమె కాగితాన్ని కొడుకు వైపు జరిపింది. "బుధారం బండొచ్చినాక, మీరంతా బయటికెళ్ళినప్పుడు ఎక్కి కూకున్నాను. కాలు అందనేదు. అందుకే రేపూ రేపూ అన్నాను. నువ్వడిగితే సేత్తాను. ఏదిరా పెన్ను?"

ఆదిబాబు పెన్ను ఇవ్వలేదు. లేచి పెరట్లోకి వెళ్ళి సూర్యానికి ఫోను చేశాడు. సూర్యం ఒకప్పుడు పోలయ్య దగ్గర పని నేర్చుకున్నవాడు. ఈ మధ్య కూతురి పురుడని విశాఖ వెళ్ళి నిన్ననే తిరిగొచ్చాడు.

"ఆ దిమ్మలేవీ మామా?"

"నేనుంటే తియ్యనిచ్చీవోడినేటిరా? తుక్కులో ఏసీసినారు. మొన్న శుక్రవారం లారీ ఎత్తుకుపోయింది."

"ఎక్కడున్నా ఎతుకుదాం."

"ఏ కొలిమిలోనని ఎతుకుతావు? ఈపాటికి కరిగి ఎవడింటి చువ్వగానో అయిపోయుంటాది."

ఏ కంపెనీ బండికి ఏ పార్టు కావాలన్నా, ఎంత పాతదైనా, వారంలో తెప్పిస్తానని ఆదిబాబుకి పేరు. ఈ మూడు ముక్కల కోసం ఏ బజారుకి ఫోను చెయ్యాలో అతనికి తెలియలేదు. కలకత్తాలో దొరికేదాన్ని తెచ్చుకోవడానికి, ఎక్కడా దొరకనిదాన్ని పారేసుకున్నాడు. ముప్ఫై ఏళ్ళ వ్యాపారంలో ఇంత తెలివితక్కువ మారకం ఎన్నడూ చెయ్యలేదు.

షెడ్డులోకి వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. కాళ్ళు హాయిగా చాపుకోగలిగాడు. ఆ హాయి భరించలేకపోయాడు. సీటు ముందుకి లాగాడు. ఇంకా లాగాడు. మోకాళ్ళు స్టీరింగుకి తగిలాయి. పోలయ్య తనకంటే అరచెయ్యి పొడుగు. ఇలా ముడుచుకుని కూర్చుని, ముప్ఫై ఏళ్ళ పైచిలుకు, ఒక్క మనిషి కోసం ఆ సీటుని సిద్ధంగా ఉంచాడు. ఆ మనిషి పక్క సీట్లో కూర్చుని అద్దంలోంచి రోడ్డు చూసేది. వెనక సీట్లో తను కూర్చుని ఏమీ చూడలేదు.

స్టీరింగు మీద నుదురు ఆనించి చాలాసేపు ఉండిపోయాడు. రాంచీ నుంచి ఫోను మోగినప్పుడు ముఖం తుడుచుకుని ఎత్తాడు.

"నహీఁ సాబ్, వింటేజ్ నహీఁ కరాయేంగే," అన్నాడు. అవతలివాళ్ళు ఏదో నచ్చజెబుతుంటే ఓపిగ్గా విన్నాడు. "జీ, బహుత్ అచ్ఛీ గాడీ హై. ఇసీలియే." చాలా మంచి బండి, అందుకే వద్దన్నాడు.

తల తిప్పేసరికి గుమ్మంలో తల్లీ, ఆమె మోచెయ్యి పట్టుకుని హాసినీ ఉన్నారు. వాళ్ళ వెనక టీ గ్లాసుతో శ్రీదేవి.

"అమ్మా, రేపు సూర్యం మామ సేత దిమ్మలు మళ్ళీ కోయిత్తాను. నువ్వొకసారి ఎక్కి కూర్చో. కొలత తీసుకుంటాను."

"నాకెందుకురా ఇప్పుడు? ఈ కాళ్ళు షెడ్డు దాకా రావడమే గగనం." సింహాచలమ్మ మనవరాలి భుజం మీద చెయ్యేసి ముందుకి తోసింది. "నువ్వు కొలవాల్సింది దీని కాలు. దాన్ని ఎక్కమను."

హాసిని కదలలేదు. తండ్రి మొహం చూసింది. ఆదిబాబు కారు దిగి, తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"ముందు బ్రేకులు," అన్నాడు. "అవి ఏసీదాకా గేటు దాటనివ్వను. బెల్టులు కూడా."

"ఔర్ గేర్?"

"అదీ నీ ఇష్టమే."

"గేర్ రెహ్‌నే దీజియే, ఉన్నచోటే ఉండనీండి," అంటూ హాసిని సీట్లోకి ఎక్కింది. "నానమ్మ నేర్పిస్తుంది."

శ్రీదేవి టేపు తెచ్చిచ్చింది. ఆదిబాబు నేల మీద మోకాళ్ళు ఆనించి, కూతురి మడమ దగ్గర ఒక కొస పట్టుకుని, రెండో కొస క్లచ్చు దాకా లాగాడు. అంకెలు కళ్ళముందు అలుక్కుపోయాయి. కనురెప్పలు ఆర్పి మళ్ళీ చూశాడు. దుకాణంలో అర మిల్లీమీటరు తేడా కంటితో చెప్పే మనిషికి ఆ అంకె పోల్చుకోవడం చేతకాలేదు.

"ఎంతుందో నువ్వే సదువమ్మా."

"పాపా, చక్కిలిగిలి! గుద్‌గుదీ హో రహీ హై," అని హాసిని కాలు లాక్కుంది.

సింహాచలమ్మ దగ్గరికి వచ్చి, వంగి కారులోకి చూసింది. కొడుకు పట్టుకున్న టేపునీ, మనవరాలి పాదాన్నీ మార్చి మార్చి పరీక్షగా చూసి, తల అడ్డంగా ఊపింది.

"సెప్పులు ఇప్పించి కొలవరా. సెప్పులుంటే బ్రేకు ఎంత తొక్కినామో కాలికి తెలీదు."