తలుపు మీది ఎర్ర మెటికలు

కొత్తవాడలో సారంగపాణి ఇంటి వెనక రంగుల కొట్టం ఒకటుంది. దీపాలు పెట్టాక అటు ఎవరూ పోరు. ఈ సంగతి మా అక్క విమలమ్మ చెప్పింది. నేను పిల్లలతో దూరాన భివండిలో ఉంటున్నదాన్ని, కళ్లతో చూడలేదు. అందుకే ఒక్క మాట కలపకుండా, పిల్లలు నిద్రపోయాక రాస్తున్నాను.

ఆ కొట్టంలో జంపఖానాల నూలుకు రంగు అద్దింది సారంగపాణి మొదటి భార్య మల్లక్క. మగ్గం మీద పోగులు దగ్గరికి కొట్టే ఇనుప పంజా తగిలి ఆమె నడివేలి మెటిక అడ్డంగా తెగింది. ఆ మచ్చ అలాగే ఉండిపోయింది. తర్వాత మల్లక్క జ్వరంతో పోయింది.

ఏడాది తిరక్కుండా రెండో భార్యగా నిర్మల వచ్చింది. ఎంత బాగా రంగు అద్దినా మొగుడి నోట ఒకటే మాట — "మల్లక్క అద్దిన ఎరుపే ఎరుపు."

నిర్మల కడుపు మండిపోయేది. కొట్టం తలుపు నిండా మల్లక్క చేతి మరకలు. పట్టుబట్టి లోపలా బయటా తెల్ల పెయింటు వేయించింది. తాళం వేసి చెవి బొడ్లో దోపుకుంది. రంగు కలిపే పెద్ద మట్టి తొట్టి, గోళెం, వాకిట్లోకి మారింది.

డెబ్బై ఎనిమిది వానకాలంలో మొదలైంది...

టక్... టక్... టక్...

తెల్లారి చూస్తే తెల్ల తలుపు మీద ఎర్ర గుర్తులు. వేలి కొసలవి కావు — మెటికలవి. రంగుపని ఆడవాళ్లు చేతులు తడిగా ఉంటే వేళ్లు ముడిచే తలుపు కొడతారు. మల్లక్కా అట్లనే కొట్టేది.

"మల్లక్క మళ్లొచ్చింది..." వాడంతా గుసగుసలు.

నిర్మల నమ్మలేదు. "చచ్చినోళ్లు గాదు. బతికున్నదే నా మొగని కోసం తిరుగుతాంది!" అని పక్కింటి కళావతి మీద పడింది. సారంగపాణి ఆమెతో నవ్వుతూ మాట్లాడతాడు. అంతే.

"నీ మొగడా? ఉన్నొక్కనితోనే ఏగలేక సస్తాన్న, ఇంకోడా తల్లీ?" అంది కళావతి.

ఆమె మొగుడు కట్టయ్య మాత్రం నవ్వలేదు. బట్టలు మూట కట్టుకొని పుట్టింటికి పొమ్మన్నాడు.

కళావతి ఏడ్చుకుంటూ పోయి కిషన్ రావు సారును పిలుచుకొచ్చింది. పోలీసుల వేలిముద్రల ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. తలుపుకు భూతద్దం పెట్టి చూశాడు.

"మెటికల మీది ముడతలు గూడ మనిషికో తీరుంటయమ్మా. జర అందరి అచ్చులు తియ్యాలె."

"ముందుగాల కళావతిది తియ్యుండ్రి సారూ," అంది నిర్మల.

నిర్మలే ముందుండి రంగుపని ఆడవాళ్లందరితో కాగితాల మీద మెటికలు ఒత్తించింది. తనూ ఒత్తింది.

కళావతిది కలవలేదు. మిగతావాళ్లవీ కలవలేదు. చివరి కాగితం దగ్గర సారు ఆగిపోయాడు...

"ఇవి నీ చేతులే, బిడ్డా."

నిర్మల తన చేతులు తిప్పి చూసుకుంది. సారంగపాణి మెల్లగా అన్నాడు — "నిద్రల లేస్తది సారూ... నీళ్లకు పోతాందనుకున్న."

పగలంతా రంగులో నానే చేతులు, పొద్దున ఎర్రగా ఉంటే ఎవరికి అనుమానం? నిద్రలోనే గోళెంలో చెయ్యి ముంచి, పోయి సవతి తలుపు కొడుతున్నది... లోపల మొగుడున్నాడేమోనని.

కట్టయ్య తల దించుకున్నాడు. కళావతి కోపం మరచి నిర్మల భుజం పట్టుకుంది. "పిచ్చిదానా, లోపల ఎవ్వరు లేరు. తీసి సూస్కో."

నిర్మల బొడ్లోంచి చెవి తీసింది. తుప్పు పట్టిన తాళం కిర్రుమంది.

ఖాళీ కొట్టం. బూజు.

తలుపు వెలుతురులోకి తిరిగింది... లోపలి వైపు, తెల్ల పెయింటు మీద, సరిగ్గా అదే ఎత్తున — ఎర్ర మెటికలు. ఇంకా తడిగా ఉన్నాయి. నడివేలి మెటిక మీద అడ్డంగా ఒక గీత.

"ఇవి నీవి గావు, బిడ్డా..." సారు భూతద్దం దించాడు.

సారంగపాణి ముందుకొచ్చాడు. ఆ తడి గుర్తు మీద వేలు ఆనించి, వెలుతురుకు పట్టి చూశాడు. నిర్మల అతని మొహమే చూస్తున్నది.

"ఎరుపంటే... గిది," అన్నాడు.