రవ్వలు రాలని సానచక్రం

చందమామ దక్షిణ ధ్రువం దగ్గర కట్టిన ఊళ్లో నిప్పు నిషేధం. అన్నం ఉడికేది కరెంటు పలకల మీదే, దేవుడి ముందు వెలిగేది కూడా బల్బే. పీల్చే గాలిని రాళ్లలోంచి పిండుకునేచోట దాన్ని మంటకు ఎవరు ధారపోస్తారు? ఆ మాత్రం ఇంగితం అక్కడి పసిపిల్లలకూ ఉంది. భూమి నుంచి తనిఖీకి వచ్చే పెద్దమనుషులకే లేదు.

ఆ ఏడు ఊరికి గాలి పంపే కంప్రెసర్‌లో ఇరుసు అరిగిపోయింది. కొత్తది చేద్దామంటే తగిన ఉక్కు కడ్డీ ఒక్కటే ఉంది. ఇంకోటి భూమి నుంచి రావాలంటే ఎనిమిది నెలలు. పాత ఇరుసు అన్నాళ్లు ఆగదని అందరికీ తెలుసు. ఆ కడ్డీని సానబట్టి ఇరుసుగా మార్చే పని డాక్టర్ నూకరత్నానిది. ఆమె చంద్రుడి మీదే పుట్టి పెరిగిన మనిషి.

ఆమె కనిపెట్టిన యంత్రం పేరు రేణుదర్శిని. సానచక్రానికి అంటించిన వేలాది గరుకు రేణువుల్లో లోహాన్ని నిజంగా కోసేవి కొన్నే. మరికొన్ని దాన్ని దున్ని పక్కకు నెడతాయి. తక్కినవి ఉత్తినే రుద్ది వేడి పుట్టిస్తాయి. ఆ వేడికే ఉక్కు కమిలి పగుళ్లిస్తుంది. రేణుదర్శిని ప్రతి రేణువు అడుగునా ఉన్న సెన్సర్ ద్వారా ఏది ఏం చేస్తోందో పసిగట్టి, రుద్దేవాటిని లోపలికి లాగేస్తుంది. గాలి లేని గదిలో, చప్పుడు లేకుండా, లోహం పొడిగా రాలుతుంది.

తనిఖీ సంఘం ఆ గదికి అద్దం ఇవతల, నూకరత్నం వెనక కుర్చీల్లో కూర్చుంది. అధ్యక్షుడు విశ్వంభరరావు భూమి మీద ఉక్కు కర్మాగారాల్లో ముప్పై ఏళ్లు రిబ్బన్లు కత్తిరించిన అనుభవశాలి. కాసేపు చూసి ఆవలించాడు.

"పని ఎప్పుడు మొదలెడతావమ్మా?"

"సగం అయిపోయిందండీ."

ఆయన నవ్వాడు. ఆయన నవ్వాడు కాబట్టి మిగతావాళ్లూ నవ్వారు. రవ్వలు ఎగరకుండా సానబట్టడమేమిటని అడిగారు. రవ్వలంటే గాలి తగిలి మండే లోహపు పొడేననీ, ఇక్కడ గాలి లేదనీ నూకరత్నం ఓపిగ్గా చెప్పింది. రాలిన పొడిని తూచి చూపించింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. రవ్వలు చూస్తేగాని సంతకం చెయ్యమన్నారు. సంతకం లేనిదే ఇరుసు బిగించడానికి వీల్లేదు.

పైగా కొన్ని రేణువులను లోపల కూర్చోబెట్టడం అధ్యక్షుడికి అసలు నచ్చలేదు.

"అన్నీ పనిచెయ్యాలమ్మా. వేడి పుట్టించేవాటిని దాచేసి, ఇదేం పద్ధతి?"

సంఘంలో ఎవరికీ ఆ మాటలో తప్పు కనిపించలేదు. కనిపించదు మరి, వాళ్లంతా ఆ జాతి రేణువులే.

చివరికి ఆమె ఒప్పుకుంది. కడ్డీ కొసన తర్వాత కోసి పారేసే తోక ఒకటుంది. ఈ తమాషా ఏదో దానిమీద చూపిస్తే ఇరుసుకు నష్టం లేదు, సంతకమూ వస్తుంది. తోక ముగిసేచోట గీత గీసింది. ఊరు పీల్చాల్సిన ఆక్సిజన్ గదిలోకి వదిలారు. ఆ పూట అందరూ ఊపిరి పొదుపుగా వాడుకోవాలని ప్రకటన వెళ్లింది. యంత్రం తనంతట తాను ఆగితే కుదరదనీ, మనిషే ఆపాలనీ సంఘం పట్టుబట్టింది. ఆపే మీట నూకరత్నం చేతికిచ్చారు. మూర్ఖులకు బొమ్మలాట కావాలి కాబోలు అనుకుని ఆమె లోలోపల నవ్వుకుంది.

రేణువులన్నీ బయటికి వచ్చాయి. చక్రం తోకను తాకింది.

బంగారు రవ్వలు ఒక్కసారిగా చిమ్మాయి. చంద్రుడి మీద ఏదీ తొందరగా కిందపడదు. అవి గది నిండా పైకి లేచి, తీరిగ్గా వంగి, మెల్లగా దిగుతున్నాయి. అద్దం ఇవతల చప్పట్లు మోగాయి.

"గీత దగ్గరికి వచ్చాం. ఆపమంటారా?" అని స్పీకర్‌లోంచి అడిగింది రేణుదర్శిని.

నలభై ఏళ్ల బతుకులో నూకరత్నం నిప్పును చూడటం అదే మొదలు.

"గీత దాటాం. కోత లేదు, రుద్దుడే. ఆపమంటారా?"

విశ్వంభరరావు సంతకం చేసి, కలం జేబులో పెట్టుకుని, ఇక చాల్లేమ్మా అని కూడా అన్నాడు. ఆ మాటా ఆమె చెవిన పడలేదు. ఇరుసు సగం దాకా నీలంగా కమిలిపోయింది. మీట ఆమె కాళ్ల దగ్గర పడి ఉంది. ఆమె రెండు చేతులా చప్పట్లు కొడుతోంది.