బండకేసి కొట్టిన జాకెట్

కరుణాకర్ చేతులు వంగడం లేదు.

డిసెంబరు నెల, ఆదివారం, తెల్లవారుజామున ఐదు గంటలు. ఉప్పల్ మెట్రో స్టేషన్ కింద పది బైకులు నిలబడి ఉన్నాయి. భువనగిరి దాకా పోయి ఇడ్లీ తిని రావడానికి ఈ వేళప్పుడు లేచే మనుషులుంటారని అతనికి నిన్నటి దాకా తెలియదు. స్నేహితుడు విక్రమ్ రమ్మంటే వచ్చాడు. చలికి జడిసి, లోపల ఈకలు కూరిన లావుపాటి డౌన్ జాకెట్ కొత్తది కొని తొడుక్కున్నాడు. అది చాలదన్నట్టు, విక్రమ్‌ని అడిగి తెచ్చుకున్న లెదర్ జాకెట్‌ని దాని మీద ఇరికించాడు. ఇప్పుడు కుక్కి కుట్టిన పత్తి బస్తాలా ఉన్నాడు. గడ్డం కింద హెల్మెట్ క్లిప్పు పెట్టుకుందామంటే చేతులు అంతవరకూ పోవడం లేదు.

పక్క బండి మీద హెల్మెట్ పెట్టుకుని కూర్చున్న మనిషిని పిలిచాడు.

“అన్నా, జర గీ క్లిప్పు పెట్టవా?”

ఆ మనిషి హెల్మెట్ తీసింది. జడ జారి భుజం మీద పడింది. రెండు పెద్ద కళ్ళు అతన్ని పైనుంచి కింది దాకా చూశాయి.

“సారీ మేడం! నేను... చీకట్ల...”

“అన్నా అన్నవ్ గదా, ఇప్పుడు అన్న మాట ఇను. లోపల ఏమేసినవ్?”

“డౌన్ జాకెట్. మైనస్ పది దాకా ఆపుతదని రాసుంది.”

“దాని మీద గింత టైట్ లెదరా? ఈకలన్నీ నలిగి సచ్చినయ్ పో! ఈకలల్ల ఏం వేడి ఉండదు బాస్. ఈకల నడుమ గాలి నిలుస్తది సూడు, గది ఆపుతది చలిని. నువ్వు ఆ గాలినే పిండేసినవ్. తియ్, రెండూ తియ్.”

“ఇక్కడనా? అందరి ముందట?”

“చొక్కా ఉంది గదా లోపల! సిగ్గుపడకు.”

చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లుమన్నారు. ఈ గుంపును ముందుండి నడిపేది ఆమేనని కరుణాకర్‌కు అప్పుడు తెలిసింది. పేరు పూర్ణిమ. నాచారంలో ఒక మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం. నిరుడు తన బండి మీద లద్దాఖ్ దాకా పోయి వచ్చిందట.

ఆమె తన బండికి కట్టిన సంచిలోంచి పల్చటి ఆకుపచ్చ ఈకల జాకెట్ ఒకటి తీసింది. “గిది లోపల. నాకు రెండు సైజులు పెద్దదే, సేల్ల గదే దొరికింది. మీద నీ లావుది, వదులుగ. రెయిన్ కోటుందా?”

“ఉంది. గిప్పుడు వాన లేదు గదా?”

“వానకు కాదు, గాలికి. అన్నింటికంటే మీద వేస్కో. లెదర్ విక్రమ్‌ది గదా, ఆనికిచ్చెయ్.”

అంటూనే అతని హెల్మెట్ క్లిప్పు తానే పెట్టింది. చల్లటి వేళ్ళు గడ్డానికి తగిలాయి. మనవాడు ఆ క్షణమే పడిపోయాడు. బండి మీంచి కాదు లెండి.

ఘట్‌కేసర్ దాటాక మంచు తెర కట్టింది. గాలి గుండె మీద గుద్దింది గానీ లోపలికి రాలేదు. కరుణాకర్ జన్మలో అంత వెచ్చగా ఏ చలికాలమూ గడపలేదు.

భువనగిరిలో ఇడ్లీ తింటూ ఆమె చెప్పింది. “గా ఆకుపచ్చది నాకు ప్రాణం. గది వేసుకునే లద్దాఖ్‌ల ఖార్దుంగ్‌లా ఘాట్ ఎక్కిన. దిగి వచ్చినంక ఒక సంబంధం వచ్చింది. పిల్ల మంచిదే, బండి తోలుడు బంద్ జేస్తే లగ్గం పెట్టుకుందమన్నరు.”

“నువ్వేమన్నవ్?”

“జాకెట్ ఉంచుకున్న. సంబంధాన్ని వాపస్ పంపిన.” నవ్వింది, కానీ కళ్ళు ప్లేటు మీదే ఉన్నాయి. “చలికాలం అయ్యేదాకా నీ దగ్గరనే ఉంచుకో. ఒక్కటే మాట. దాన్ని ఉతకకు. మస్తు నాజూకు.”

అతను తలూపాడు. తలూపడానికేం, గంగిరెద్దు కూడా ఊపుతుంది. ఇంట్లో చెప్పడం మాత్రం మరిచాడు.

నాలుగు ఆదివారాలు గడిచాయి. కరుణాకర్ పని చేసే లేత్ వర్క్‌షాపు ఆమె కంపెనీకి రెండు గల్లీల అవతలే. మధ్యాహ్నం చాయ్ బండి దగ్గర కలవడం అలవాటైంది. ఐదో ఆదివారం భువనగిరిలో మనసులో మాట చెప్పేయాలని గట్టిగా అనుకున్నాడు. శుక్రవారం డ్యూటీ దిగి చిల్కానగర్‌లో ఇంటికి వచ్చేసరికి, దండెం మీద ఆకుపచ్చది తడిసిన కోడిలా వేలాడుతోంది.

“అమ్మా! గిదేంది?”

“ఏందిరా గట్ల మొత్తుకుంటవ్?” అంది కిష్టమ్మ, చేతులు కొంగుకు తుడుచుకుంటూ. “కాలర్ నిండ మసి. రాత్రంత సర్ఫ్‌ల నానబెట్టిన, బ్రష్ వెట్టి తోమిన, బండకేసి నాలుగు కొట్టిన. ఎట్ల మెరుస్తుందో సూడు.”

మెరుస్తూనే ఉంది. ఈకలు మాత్రం గడ్డలు కట్టి, ఒక్కో కుట్టు అరలో నిమ్మకాయంత ముద్దగా అడుగున కూర్చున్నాయి. మిగతాదంతా ఉత్త గుడ్డ. కరుణాకర్ మెట్టు మీద కూలబడ్డాడు. కొడుకు మొహం చూశాక కిష్టమ్మ దండెం దగ్గరికి పోయి ఆ ముద్దలను నొక్కి చూసింది.

ఆ ఆదివారం అతను పోలేదు. చాయ్ బండి వైపూ పోలేదు. పూర్ణిమ ఫోన్ చేస్తే ఎత్తలేదు. ‘డ్యూటీ మారింది’ అని ఒక అబద్ధం మెసేజ్ పెట్టాడు. వారం రోజుల్లో పదకొండు కాల్స్ వచ్చాయి, ఆ తర్వాత అవీ ఆగిపోయాయి. ఫోన్ మోగితే భయం వేసేది. మోగకపోతే ఇంకా భయం వేసింది.

మరుసటి ఆదివారం పదింటికి గేటు ముందు బండి ఆగిన చప్పుడైంది. పూర్ణిమ! అడ్రస్ విక్రమ్ ఇచ్చి ఉంటాడు.

“జాకెట్ కోసం వచ్చిన. ఇస్తే పోత.”

“పూర్ణిమా, అది...”

“నువ్వేం చెప్పకు. నాకెర్కనే. ఇంట్ల నా సంగతి చెప్పినవ్, బండి తోలే పిల్లనా అన్నరు, నువ్వు తప్పుకున్నవ్. గంతే గదా? నాకేం కొత్త గాదు. మొహం మీద చెప్తే బాగుండేది.” మొహం పక్కకు తిప్పుకుంది.

“ఎవరురా కింద?” డాబా మీద నుంచి కిష్టమ్మ తొంగి చూసింది. చేతిలో ఆకుపచ్చ జాకెట్. పది రోజులుగా ఎండ పొడ ఎటు తిరిగితే అటు ఆమె దాన్ని తిప్పుతూనే ఉంది.

“నీదేనా బిడ్డా ఇది? పైకి రా తల్లీ. తప్పు వానిది గాదు, నాది. నేనే బండకేసి కొట్టిన.”

పూర్ణిమ పైకి వచ్చింది, వెనకే కరుణాకర్. జాకెట్ అందుకుంది. గడ్డలు ఒక్కొక్కటే తడిమి చూసింది. ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాడు. ఏడుపు కాదు, నవ్వు! పొట్ట పట్టుకుని, అక్కడ పరిచిన చాప మీద కూర్చుని నవ్వుతోంది, కళ్ళ నుంచి నీళ్ళు మాత్రం జలజలా కారుతున్నాయి.

“దీని కోసమా పది రోజులు దాక్కున్నవ్?”

“ప్రాణం అన్నవ్ గదా. ఉతకకన్నవ్. గా ఒక్క మాట నిలబెట్టుకోలేకపోయిన. గిట్లాంటోడు నిన్నేం కాపాడుతడు అనుకున్న.”

“నన్ను కాపాడమని ఎవరడిగిన్రు? ఫోన్ ఎత్తమన్న, గంతే!”

కిష్టమ్మ గడ్డ ఒకటి వేళ్ళ మధ్య పట్టుకుంది. “లోపలున్నదేందమ్మా? దూదేనా?”

“బాతు ఈకలమ్మా. ఎండినంక ఒక్కొక్క గడ్డ విప్పుకుంట, అరచేతులతోటి తట్టాలె.”

“దూది ఏకినట్టే గదా! గట్ల చెప్పు. మా జనగామల సగం జీవితం గదే పని జేసిన.”

ముగ్గురూ చాప మీద కూర్చున్నారు. కిష్టమ్మ వేళ్ళు గుడ్డ మీద నుంచే గడ్డలను పట్టి సుతారంగా విడదీస్తుంటే పూర్ణిమ నోరు తెరుచుకుని చూసింది. కుట్లలోంచి సన్నటి ఈకలు లేచి ఎండలో తేలాయి. ఒకటి పూర్ణిమ కనుబొమ్మ మీద వాలింది. కరుణాకర్ తీద్దామని చెయ్యెత్తి, తల్లి ఉందని దించేశాడు. దించాక ఇక ఆగలేకపోయాడు.

“నువ్వంటే నాకు మస్తు ఇష్టం పూర్ణిమా. పోయిన వారమే చెప్దామనుకున్న.”

“మీ అమ్మ ముందటనా చెప్పేది!”

“నేనేం ఇనలే,” అంది కిష్టమ్మ, తల ఎత్తకుండా.

పూర్ణిమ జాకెట్ చేతిని తట్టింది. మళ్ళీ తట్టింది. “జాకెట్ కోసమే అయితే మెసేజ్ పెడుతుంటి. ఇంత దూరం ఎందుకొచ్చిననుకున్నవ్? పిచ్చోడా!”

గడ్డలన్నీ విడిపోయాయి. జాకెట్ మునుపటంత కాకపోయినా బాగానే ఉబ్బింది. కిష్టమ్మ చేతులు దులుపుకుని అడిగింది.

“కింద బండి నువ్వే తోలుకొచ్చినవా?”

పూర్ణిమ నవ్వు ఆగిపోయింది. నిటారుగా కూర్చుంది.

“నేనే అమ్మా. లగ్గమైనంక గూడ తోలుత. ముందే చెప్తున్న.”

“మీ ఇల్లు ఏడ?”

“రామంతాపూర్.”

“మీ అమ్మానాయన ఇప్పుడు ఇంట్లనే ఉంటరా?”

“ఉంటరు. ఎందుకమ్మా?”

కిష్టమ్మ చరచరా కిందికి దిగిపోయింది. పది నిమిషాల్లో కొత్త చీర కట్టుకుని, శాలువా కప్పుకుని గేటు దగ్గరికి వచ్చింది. కరుణాకర్ పరుగున పోయి తన బండి స్టార్ట్ చేశాడు.

“కూసో అమ్మా.”

“నీ బండి ఎవనిక్కావాలెరా? నువ్వు ఎనక రా.” ఆమె నేరుగా పూర్ణిమ బండి దగ్గరికి నడిచింది. “పిల్లనడగనీకి పోతున్న. బండి బంద్ జేయమంటరా అని వాళ్ళు అడగకముందే, నేనే మీ బిడ్డ బండి మీద కూసోని వచ్చిన అని చెప్పాలె. ఎట్ల ఎక్కాలమ్మా దీన్ని?”

పూర్ణిమ పెదవి కొరుక్కుంది. కళ్ళు తుడుచుకుని, వంగి ఫుట్‌రెస్ట్ తెరిచింది. కిష్టమ్మ ఒక కాలు వేసి, పక్కకు కూర్చుని, పిల్ల నడుము చుట్టూ చెయ్యి వేసింది.

“గట్టిగ పట్టుకో అత్తమ్మా,” అంది పూర్ణిమ.