పరాయివాళ్ల మాట

“పన్నెండింటికి గేట్లన్నీ ఒక్కసారిగా దింపెయ్యాలన్నది ఆ విదేశీ ముఠా ప్లాన్,” ఇయర్‌ఫోన్‌లో అన్నాడు చీఫ్ జీవరాజు. “ఇంత వరదలో అవి దిగాయా, నీళ్లు వెనక్కి తన్ని రాజమండ్రి మునుగుతుంది. వాళ్ల రిమోట్ కొట్టేసి ఆశాజ్యోతి నీకు తెచ్చిస్తుంది. రిమోట్‌కి కోడ్‌వర్డ్ పులస. ఓవర్.”

విజయ్ పాల్ మెకానిక్ వేషంలో ధవళేశ్వరం బ్యారేజీ మీద నిలబడ్డాడు. ఆశాజ్యోతి డిపార్ట్‌మెంట్ మనిషే. ముఠాలో చేరి వాళ్ల గుట్టు మోసుకొచ్చే డబుల్ ఏజెంట్. రెండేళ్లుగా ఇద్దరూ రాజమండ్రిలో మొగుడూ పెళ్లాల్లా నటిస్తున్నారు. ఆ నటన ఎప్పుడు నిజమైందో ఇద్దరికీ తెలీదు. వచ్చే నెల చర్చిలో పెళ్లి.

పదకొండూ యాభై తొమ్మిదికి వచ్చిందామె. నల్ల కళ్లజోడు, సిల్కు చీర, ఎడమచేతిలో రెండు గిన్నెల క్యారేజీ.

“పులస పై గిన్నెలో ఉందండి,” అంది. “లేటయింది. సారీ.”

క్యారేజీ కోసం చాచిన అతని చెయ్యి మధ్యలోనే ఆగింది.

కాపురం పెట్టిన కొత్తలో ఆమె చీర మీద టీ ఒలికించి అతను సారీ అంటే, పడీ పడీ నవ్వింది. “సారీ ఏంటండీ! బస్సులో కాలు తొక్కితే పరాయోళ్లకి చెప్పుకునే మాట. ఇంట్లో మనిషికైతే కూరొండి పెట్టాలి గానీ!” ఆ తర్వాత ఆ ఇంట్లో ఆ మాట వినపడలేదు. తగువైన మర్నాడు గోంగూర రొయ్యలుండేవి, అంతే. ఎన్నిసార్లు లేటుగా వచ్చినా ఆమె సారీ చెప్పలేదు.

ఇవాళ తను పరాయివాడయ్యాడు. ఏడుపు తన్నుకొచ్చింది. ఏడవడానికి టైము లేదు.

క్యారేజీ ముట్టకుండా, బిగించి ఉన్న ఆమె కుడి గుప్పిట విప్పాడు. లిప్‌స్టిక్‌లా ఉన్న అసలు రిమోట్. దాని అడుగున ఎర్ర అంకెలు. నాలుగు, మూడు... పక్కనున్న మీట లాగాడు. రెండు దగ్గర ఆగింది. గేట్లు కదల్లేదు.

“ఎలా తెలిసిందండీ?” అంది ఆమె.

అతను బేడీలు వేస్తుంటే ఆమె గాజు చిట్లింది.

“సారీ అండి,” అన్నాడు. ఆమెను అతను అండి అనడం అదే మొదలు. ఆమె తల దించుకుని డిపార్ట్‌మెంట్ జీపెక్కింది.

తర్వాత క్యారేజీ విప్పాడు. పై గిన్నెలో డమ్మీ రిమోట్. కింది గిన్నెలో గోంగూర రొయ్యలు, ఇంకా వేడిగా. అక్కడే చతికిలబడి, ఏడుస్తూ తిన్నాడు.

“ఎవిడెన్స్ మొత్తం సీల్ చేశావా?” ఇయర్‌ఫోన్‌లో చీఫ్.

“కింది గిన్నె ఖాళీ సార్,” అన్నాడు విజయ్ పాల్. “సారీ.”